తెలిసిన ఒక్క మనిషి

తమ్ముడు లోపలికి వెళ్ళి తలుపు మూసుకున్నాక ఆమెకు ముందుగా వచ్చిన ఆలోచన వాడి గురించి కాదు, ఈ బెంచీ మీద తనను తెలిసినవాళ్ళెవరైనా చూస్తే ఏం చెప్పాలా అని. మధ్యాహ్నం వేళ, విశ్వవిద్యాలయంలో రెండో అంతస్తు, కారిడార్‌కు ఒక వైపంతా కిటికీలు, ఇంకో వైపు వరసగా తలుపులు, ప్రతి తలుపు పక్కనా ఒక పలక, పలక మీద ఎవరో ఒక ప్రొఫెసర్ పేరు. ఈ తలుపు పక్కన పలక మీద మాత్రం గది నంబరు తప్ప ఏమీ లేదు. కావాలనే రాయలేదని ఫోన్లో చెప్పింది పరిశోధకురాలు, వచ్చేవాళ్ళకు ఇబ్బంది కలగకూడదని. అయినా ఆమెకు ఆ ఖాళీయే దారిన పోయే ప్రతివాడినీ పిలిచి విషయం చెప్పేస్తున్నట్టుంది. చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ పెట్టుకుని, పళ్ళ డాక్టరు దగ్గరకు వచ్చినదానిలా కూర్చుంది. వాడికి గంట పడుతుంది, ఆ తర్వాత తన వంతు. అడిగేవి పెద్ద కష్టమైన ప్రశ్నలేం కావని, ఇష్టం లేనివాటికి జవాబు చెప్పక్కర్లేదని, పేర్లు ఎక్కడా రావని ఆ అమ్మాయి మరీ మరీ చెప్పింది. గొంతునుబట్టి చూస్తే తనకన్నా చిన్నది. పిల్లల పట్ల అలాంటి ఆకర్షణ ఉండి కూడా ఎప్పుడూ ఎవరికీ హాని చెయ్యని మగవాళ్ళు ఎలా బతుకుతున్నారు, ఎవరితో మాట్లాడుతున్నారు, ఎంత ఒంటరిగా ఉంటున్నారు, ఆ ఒంటరితనం వాళ్ళను ఎటు నెడుతోంది అన్నది తమ పరిశోధన అంది. వాళ్ళ సంగతి తెలిసిన మనిషి ఒక్కరైనా ఉంటే ఏమైనా తేడా ఉంటుందా అన్నది కూడా చూస్తున్నామంది. "మీ తమ్ముడు మీ పేరు ఇచ్చారండి. తెలిసిన ఒక్క మనిషి మీరేనట." ఆ మాట విన్నప్పుడు ఆమెకు తల కొట్టేసినట్టయింది. ఒక్క మనిషి. లోకంలో ఇంతమంది ఉండగా వాడికి దొరికింది తనా. దొరికి తను చేసిన నిర్వాకం వాడు ఆ అమ్మాయికి చెప్పాడో లేదో, ఇప్పుడు లోపల చెబుతున్నాడో.

పీడోఫీలియా అన్న మాటను ఆ అమ్మాయి ఎంత తేలిగ్గా అనేసింది, డాక్టర్లు షుగరు అన్నట్టు, బీపీ అన్నట్టు. ఆమె ఆ మాటను ఇంతవరకూ పెదవుల మీదకు రానివ్వలేదు. మనసులో కూడా 'ఆ సంగతి' అనే అనుకుంటుంది, 'అది' అనుకుంటుంది, ఇంట్లో పాము దూరితే పేరెత్తకుండా మాట్లాడుకున్నట్టు. రోజూ కళ్ళద్దాల దుకాణంలో పని. వచ్చినవాళ్ళ ముఖానికి ఎదురుగా కూర్చుని, కనుపాపల మధ్య దూరం కొలిచి, ఫ్రేము చెవుల మీద సరిగ్గా కూర్చుందా, ముక్కు మీద నొక్కుకుంటోందా అని చూసే పని. పదిహేనేళ్ళుగా మనుషుల కళ్ళలోకి ఇంత దగ్గరగా చూస్తున్నదానికి సొంత తమ్ముడి కళ్ళలో ఏముందో తెలియలేదు. తెలిశాక మాత్రం అందరి కళ్ళలోనూ అదే వెతుకుతోంది. పోయిన నెల ఒక ముసలాయన మనవరాలిని తీసుకొచ్చాడు, మొదటిసారి అద్దాలు పెట్టించడానికి. పిల్ల బూటు లేసు ఊడితే ఆయన ఆయాసపడుతూ నేలమీద మోకాలు ఆనించి కడుతున్నాడు. ఆమె చేతిలో ఫ్రేము అలాగే పట్టుకుని ఆయన వేళ్ళ వంక చూస్తూ నిలబడిపోయింది. ఆయన తలెత్తి చూశాడు. ఏదో అడుగుతుందనుకున్నాడు పాపం, నవ్వాడు. ఆమె నవ్వలేదు. పిల్ల కొత్త అద్దాలు పెట్టుకుని, తాతయ్యా నీ గడ్డంలో తెల్లవెంట్రుకలన్నీ విడివిడిగా కనిపిస్తున్నాయి అంటే ఆయన మురిసిపోయాడు. వాళ్ళు వెళ్ళాక లోపలి గదిలోకి వెళ్ళి కుళాయి తిప్పి ముఖం కడుక్కుంది. ఆ ముసలాయన్ని తను ఏమనుకుంది, ఏ పాపమూ ఎరగని మనిషిని. ఈ లెక్కన ఇక ఎవరి ముఖమూ నమ్మకుండా బతకాలి కాబోలు.

తమ్ముణ్ణి సన్యాసి అనేవాడు ఆమె భర్త. మీ సన్యాసి ఎలా ఉన్నాడు, మీ సన్యాసి ఈసారైనా భోజనానికి దిగి వస్తాడా, అని. వాడికి కూడా ఆ పేరు తెలుసు, వింటే నవ్వేవాడు, బావ పెట్టిన పేరు బాగానే ఉందక్కా అనేవాడు. అమ్మ బతికున్నన్నాళ్ళూ వీడికి ఎక్కడో ఎవరో ఉన్నారే, మనకు చెప్పుకోలేని మనిషి అయ్యుంటుంది, పెళ్ళయినదో ఏమో, అని గుసగుసగా అనేది, అంటూ కాస్త గర్వపడేది కూడా, తన కొడుకు అంత గుట్టుగా ప్రేమించగలడని. ఆ నమ్మకంతోనే పోయింది. ఎన్ని సంబంధాలు తెచ్చారు, ఒక్కటీ చూడనన్నాడు. బడిలో సైన్సు టీచరుగా చేరినప్పుడు ఇంట్లో అందరూ హమ్మయ్య అనుకున్నారు, ఇక కుదురుకుంటాడని. ఒక్క టర్ము కూడా పూర్తికాకుండా మానేశాడు. కారణం చెప్పలేదు. ఆమె ఎంత తిట్టింది అప్పుడు. నిలకడ లేదు, బాధ్యత లేదు, నీళ్ళలో చేపలా ఎక్కడా చేతికి చిక్కవు, అమ్మ ప్రాణం తీస్తున్నావు అని. వాడు తలవంచుకుని విన్నాడు. ఆ తర్వాత ఊరికి నీళ్ళు సరఫరా చేసే సంస్థ ల్యాబులో చేరాడు. ఉదయం వెళ్ళి కుళాయిల దగ్గర సీసాలు నింపుకు రావడం, మూతల మీద చీటీలు అంటించడం, గాజు పళ్ళేల్లో పోసి వెచ్చటి పెట్టెలో పెట్టడం, మర్నాడు వాటిలో ఏం పెరిగిందో చూసి రాయడం. రోజంతా మనిషితో మాట్లాడక్కర్లేని ఉద్యోగం. ఎంచి ఎంచి పట్టుకున్నావురా అని ఎగతాళి చేసింది. నిజంగానే ఎంచి పట్టుకున్నాడని ఇప్పుడు తెలుస్తోంది. ఆ బడిలో ఇక ఉండకూడదని తనకు తనే అర్థం చేసుకున్న రోజున, ఎవరూ ఏమీ అనకముందే, ఏమీ జరగకముందే, సుద్దముక్క బల్లమీద పెట్టి బయటికి నడిచాడు. ఆ నడిచి రావడం వాడు బతుకులో చేసిన పెద్ద పని, దానికి ఇంట్లోవాళ్ళు పెట్టిన పేరు నిలకడలేనితనం.

కిటికీ బయట కింద పచ్చిక మీద కుర్రకారు గుంపులుగా కూర్చుని ఏదో తింటున్నారు. ఎవరో గట్టిగా నవ్వితే ఆమె ఉలిక్కిపడింది, తనను చూసే నవ్వినట్టు. తనకు పాప పుట్టినప్పుడు వాడు ఆస్పత్రికి వచ్చాడు. వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. ఎత్తుకోరా అంటే జలుబు చేసిందన్నాడు. ఆ జలుబు తొమ్మిదేళ్ళయినా తగ్గలేదు. పాప బడిలో ఉన్న వేళల్లోనే వచ్చేవాడు, బడి బస్సు వచ్చే టైముకి లేచిపోయేవాడు. పుట్టినరోజుకి పార్సిల్లో పుస్తకాలు పంపేవాడు, వాటి మీద తన పేరు కూడా రాసేవాడు కాదు. ఆమెకు అది ముల్లులా గుచ్చుకునేది. నా కూతురంటే వీడికి గిట్టదు అని పెద్దమ్మ కూతుళ్ళ ముందు కన్నీళ్ళు పెట్టుకుంది, పిల్లలంటే గిట్టనివాడు మనిషేనా అని వాళ్ళు వంత పాడారు. ఆ మాట పాప కూడా విన్నది. ఇంత చేసీ తనది తల్లి ప్రేమ అనుకుంది.

ఆమెకు పిత్తాశయంలో రాళ్ళు తియ్యాలన్నారు డాక్టర్లు. అదే సమయానికి భర్త ఉద్యోగం పనిమీద వేరే ఊళ్ళో ఉన్నాడు. ఓ నాలుగు రోజులు ఇంట్లో ఉండి పాపను చూసుకోరా అని ఫోన్ చేస్తే వాడు కుదరదన్నాడు. సెలవు పెట్టమంది, పెట్టలేనన్నాడు. ఆమెకు నొప్పి ఒకవైపు, కోపం ఒకవైపు. నీకు ఎవరూ అక్కర్లేదు, నువ్వు చచ్చినా మాకు తెలియదు, మేం చచ్చినా నీకు పట్టదు, అని నోటికొచ్చినట్టు అనేసి ఫోన్ పెట్టేసింది. ఆ మర్నాడు మధ్యాహ్నం వాడు తనంతట తానే వచ్చాడు. ఆమె వంటింటి బల్ల దగ్గర చిక్కుడుకాయలు వలుస్తోంది. వాడు ఎదురుగా కూర్చుని, బల్లగుడ్డ అంచును వేలితో మడతపెట్టాడు, విప్పాడు, మళ్ళీ మడతపెట్టాడు.

"అక్కా, నేను పాప దగ్గర ఒంటరిగా ఉండకూడదు."

"ఏం, కొరుకుతుందా?"

"పాప సంగతి కాదు. నా సంగతి."

అప్పుడైనా ఆమెకు అర్థం కాలేదు. చేతిలో కాయ వలిచేసి, గింజలు గిన్నెలో వేసి, తొక్క పక్కన పడేసి, అప్పుడు తలెత్తింది. వాడి ముఖం చూశాక చేతులు ఆగిపోయాయి. వాడు చెప్పినదంతా ఆమెకు వరసగా గుర్తులేదు, ముక్కలు ముక్కలుగా ఉంది. కుర్రతనం నుంచీ తెలుసునన్నాడు. తోటివాళ్ళందరి ఇష్టాలూ వయసుతో పాటు పెరుగుతుంటే తనది మాత్రం ఎక్కడో ఆగిపోయిందని, అది తను కోరి తెచ్చుకున్నది కాదని, ఎన్ని రకాలుగా వదిలించుకోవాలని చూసినా పోలేదని అన్నాడు. ఎవరినీ ఏమీ చెయ్యలేదు, చెయ్యను, ఆ చెయ్యను అన్న మాట నిలబెట్టుకోడానికే ఇలా బతుకుతున్నాను అన్నాడు. పాపకు దూరంగా ఉన్నది గిట్టక కాదన్నాడు. పాప విషయంలో తనకేదో అనిపించిందని కూడా కాదట, ఏదైనా అనిపించే అవకాశమే ఇవ్వకూడదని. నువ్వు నన్ను ఎన్నైనా అను గానీ పాపను నాకు అప్పజెప్పకు అన్నాడు. ఇంటర్నెట్టులో తనలాంటివాళ్ళ కోసం వెతికితే ముందు దొరికిన చోట అందరూ కలిసి మనలో తప్పేం లేదు, లోకానిదే తప్పు అనేవాళ్ళట. చదువుతుంటే ఊరటగా అనిపించిందట. "ఆ ఊరట చూసి భయమేసిందక్కా. అంత హాయిగా ఉందంటే అది మంచి చోటు కాదు." బయటికి వచ్చేసి ఆ చోటు గురించి పోలీసులకు రాశాడట, పేరు చెప్పకుండా. ఏడాదికి పైగా ఎవరూ లేకుండా ఉన్నాడు. ఆ తర్వాత ఇంకో గుంపు దొరికింది. అక్కడ మొదటి నియమం, ఎవరూ ఏ బిడ్డనూ తాకకూడదు, అలాంటి ఫొటోలు చూడకూడదు, దానికి సాకులు వెతికేవాణ్ణి బయటికి పంపేస్తారు. మనసు చెదిరినవాడు ఎవరైనా ఉంటే మిగతావాళ్ళు పట్టుకుని వదలరు, ఆ ఇల్లు మారు, ఆ ఉద్యోగం మానెయ్యి, డాక్టరు దగ్గరకు వెళ్ళు అని ప్రాణం తీస్తారట. అక్కడ వాడి పేరు నీళ్ళబ్బాయి. ఆ పేరు చెప్పి చిన్నగా నవ్వాడు. తమ్ముడికి స్నేహితులున్నారని ఆమె జన్మలో మొదటిసారి విన్నది అప్పుడే, ఆ స్నేహితులు వాళ్ళు. టీ తాగుతావా అని అడిగింది. పెట్టింది, తాగాడు. బస్సు వచ్చే టైమయిందని లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, చెప్పినందుకు కోపం లేదుగా అన్నాడు. లేదంది.

ఆ సాయంత్రం పాపకు జడ వేస్తూ ఏవేవో అడిగింది, మామయ్య ఎప్పుడైనా బడికి వచ్చాడా, ఎప్పుడైనా ఏమైనా ఇచ్చాడా, ఎవరికీ చెప్పొద్దన్నాడా. అడుగుతుంటే తన గొంతు తనకే కొత్తగా, జిడ్డుగా వినిపించింది. దువ్వెన ఎక్కడ పట్టేసిందో చూసుకోకుండా లాగేసింది. పాప తల విదిలించుకుని, మామయ్య నన్ను ఎప్పుడూ ఎత్తుకోనే లేదుగా అమ్మా, ఆయనకి పిల్లలంటే గిట్టదని నువ్వే అన్నావుగా అంది. ఆ మాటకు ఆమె ప్రాణం చివుక్కుమంది. అయినా మర్నాడు మళ్ళీ అడిగింది. పిల్ల ఒంటి మీద చిన్న గీత కనిపించినా అడిగింది. ఆపరేషన్ వాయిదా వేసుకుంది, ఆయన వచ్చాకే చేయించుకుంది. తమ్ముడేడి అని ఆయన అడిగితే మాటా మాటా అనుకున్నామంది. సన్యాసికి కోపం కూడా వస్తుందా అని నవ్వాడాయన. ఆమె చెప్పలేకపోయింది. చెబితే వాడిని చంపేస్తాడేమోనన్నది ఒక భయం. అంతకన్నా లోపల ఉన్నది వేరు, చెబితే తనను కూడా అదే చూపు చూస్తాడేమో, ఒకే కడుపున పుట్టారు కదా అని. వాడు ఫోన్ చేస్తే ఎత్తలేదు. మొదట వారానికోసారి చేశాడు, తర్వాత నెలకోసారి, ఆ తర్వాత మానేశాడు. మానేశాడని తెలిసి ఆమెకు కలిగినది నిశ్చింత. ఎండాకాలం వెళ్ళి వానలు కూడా వచ్చాయి.

తలుపు అవతల కుర్చీ జరిపిన చప్పుడయింది. అయిపోయిందేమోనని సంచీ సర్దుకుంది, కానీ తలుపు తెరుచుకోలేదు. ఏం అడుగుతోందో ఆ అమ్మాయి. ఏం చెబుతున్నాడో వాడు. ఒక కుర్రాడు పుస్తకాల కట్టతో వచ్చి బెంచీ ఇంకో చివర కూర్చుని, మేడమ్, ఎవరికోసం చూస్తున్నారు, చెప్పమంటారా అని అడిగాడు మర్యాదగా. ఆమె తడుముకోకుండా, దుకాణం తరఫున వచ్చాను, ఇక్కడ ఎవరికో అద్దాలు కావాలన్నారు అంది. అబద్ధం ఎంత నున్నగా వచ్చిందో. కుర్రాడు తల ఊపి ఫోన్లో పడిపోయాడు. లోపల ఉన్నది మా తమ్ముడు అనడానికి ఏం అడ్డొచ్చింది, ఆ కుర్రాడికి అందులో ఏం తెలుస్తుంది, తమ్ముడు అనడంలో ఏముంది. తమ్ముడు అన్న మాటకే ఇప్పుడు వాసన వస్తున్నట్టు పారిపోతోంది. ఆరేళ్ళ తేడా ఇద్దరికీ. వాడికి ఈత నేర్పింది తనే, గడ్డం కింద అరచెయ్యి పెట్టి. చెయ్యి తీసేశావా అక్కా, తీసేశావా, అని అరుస్తూనే ఈదేవాడు. ఈ మధ్య ఆ జ్ఞాపకాలన్నీ ఒక్కొక్కటే తీసి పాత బట్టలు దులిపినట్టు దులుపుతోంది, ఎక్కడైనా ఏదైనా రాలి పడుతుందేమో, వాడినెవరైనా ఏమైనా చేశారేమో, తను చూసీ చూడనట్టు ఊరుకుందేమో అని. ఏమీ రాలడం లేదు. కారణం దొరికితే బాగుండును, ఎవరినైనా తిట్టుకోవచ్చు. ఎందుకిలా అవుతుందని ఫోన్లో అడిగితే, ఖచ్చితంగా చెప్పలేమండి అంది పరిశోధకురాలు, మీ పెంపకం అనో మీ ఇల్లు అనో మాత్రం అనుకోకండి అంది. మంచి మాటే, కానీ దాంతో తిట్టుకోడానికి తనొక్కతే మిగిలింది.

అంతకన్నా ముందు వచ్చింది ఇంకో ఫోన్. దుకాణంలో రద్దీగా ఉంది, తెలియని నంబరు. ముసలి గొంతు, ఎంతో మర్యాదగా, "అమ్మా, మీరు నన్ను ఎరగరు. మీ తమ్ముడు మా దగ్గర రాసేవాడు. ఈ వారం రాయలేదు. ఎప్పుడైనా అవసరమైతే అని మీ నంబరు ఒక్కటే ఇచ్చాడు. ఒకసారి వెళ్ళి చూస్తారా" అన్నాడు. మీరెవరండీ అంటే, అక్కడ నన్ను పాతరేడియో అంటారమ్మా అన్నాడు. వాళ్ళలో ఒకడి గొంతు తన చెవిలో, తన నంబరు అలాంటివాడి చేతిలో. బదులు చెప్పకుండా ఫోన్ కట్ చేసింది. ఎదురుగా కూర్చున్నావిడకు ఫ్రేము పెట్టి, వదులుగా ఉందా అని అడిగి, అప్పుడు ఉన్నట్టుండి అర్థమైంది. వాడు మాట్లాడకుండా ఉండి ఒక వారమైతే ఆ ముసలివాడు కంగారుపడ్డాడు. తను నెలల తరబడి నిశ్చింతగా ఉంది. ఫ్రేము ఆవిడ ముఖం మీదే వదిలేసి బయటికి పరుగెత్తింది.

వాడి ఇంటి తలుపు తీసే ఉంది. వంటింట్లో ఫ్రిజ్‌కి వీపు ఆనించి నేలమీద కూర్చుని ఉన్నాడు, ఎన్నాళ్ళుగా గడ్డం గీసుకోలేదో, పెదవులు ఎండి పగిలి ఉన్నాయి. ఆమెను చూసి, పాప ఎవరి దగ్గరుంది అని అడిగాడు. వాడు అడిగిన మొదటి మాట అది. వచ్చినందుకు సంతోషం లేదు, రానందుకు నిష్ఠూరం లేదు, పాప ఎవరి దగ్గరుంది అని. బడిలో ఉందిరా అంది. తినడం ఎప్పుడు మానేశాడో వాడికే తెలియదు, చచ్చిపోవాలని ఏమీ చెయ్యలేదట, బతకడానికి చెయ్యాల్సినవి చెయ్యడం మానేశాడట, అంతే. ఆమె గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. తెచ్చి వాడి చేతికి ఇవ్వలేదు. వంగి నేలమీద పెట్టి, వేలి కొసతో వాడివైపు జరిపింది. గచ్చు మీద గ్లాసు గీసుకున్న చప్పుడు, వాడు ఆ గ్లాసు వంక చూసిన చూపు. తీసుకుని తాగాడు. ఆస్పత్రికి తీసుకెళ్ళింది, నాలుగు రోజులు ఉంచారు, మానసిక వైద్యుడికి వాడే అంతా చెప్పుకున్నాడు, ఇప్పుడు ఆయన దగ్గరకు వారం వారం వెళ్తున్నాడు, ఆయనే ఈ పరిశోధన సంగతి చెప్పాడు. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని బత్తాయిలు వలిచి పెట్టింది, దుప్పటి సర్దింది, అందరూ ఎంత మంచి అక్క అన్నారు. వాడి ఒంటి మీద చెయ్యి మాత్రం వెయ్యలేదు. పాతరేడియోకి బతికే ఉన్నాడని ఒక్క మాట చెప్పాలని కూడా తోచలేదు, వాడే కోలుకున్నాక రాసుకున్నాడు.

తలుపు తెరుచుకుంది. వాడు బయటికి వచ్చాడు, ముఖం కడుక్కున్నట్టుంది, జుట్టు ముందువైపు తడిగా ఉంది. ఆమె పక్కనున్న కుర్రాడిని చూసి, దగ్గరకు రాకుండా కిటికీవైపు వెళ్ళి నిలబడ్డాడు, ఆమె ఎవరో తనకు తెలియనట్టు. ఆమెకు సౌకర్యంగా ఉండాలని. ఆమె లేచి వాడి దగ్గరకు వెళ్ళింది. వాడు గొంతు తగ్గించి, ఇష్టం లేకపోతే లోపలికి వెళ్ళక్కర్లేదక్కా, నేను ఆవిడకి చెప్తాను, ఇలాగే వెళ్ళిపోదాం అన్నాడు. ఉండరా, వస్తాను అంది.

గదిలో రెండు కుర్చీలు, మధ్యలో పొట్టి బల్ల, దాని మీద వేలెడంత రికార్డరు. పరిశోధకురాలికి నిజంగానే చిన్న వయసు, జలుబు చేసి ముక్కు ఎర్రగా ఉంది, క్షమించమని అడిగి రుమాలుతో తుడుచుకుంది. తనలాంటి మనిషే. ఈ మాటలన్నీ విని సాయంత్రం ఇంటికి వెళ్ళి ఎవరితో ఏం మాట్లాడుతుందో అనుకుంది ఆమె. రికార్డరు మీద ఎర్ర చుక్క వెలిగింది. ఆయన మీకు చెప్పినప్పుడు మీరేం చేశారో చెప్పండి అని అడిగింది. దారి పొడుగునా కూడబలుక్కున్న జవాబు ఉంది, ధైర్యం చెప్పాను, ఏదో ఒక దారి ఉంటుందన్నాను అని. నోరు తెరిచింది. "కప్పు పారేశాను" అంది. పరిశోధకురాలు ఆగింది, తొందరపెట్టలేదు. వాడు టీ తాగిన కప్పు, ముందు సబ్బు పెట్టి తోమాను, మళ్ళీ తోమాను, తర్వాత కాగితంలో చుట్టి మా చెత్తబుట్టలో కూడా కాదు, వీధి చివర డబ్బాలో పడేసి వచ్చాను. మా అమ్మ వాడిన కప్పు అది. వాడు నా బిడ్డను కాపాడటానికి వచ్చాడండి. తన పరువు, తనకున్న ఒకే ఒక్క ఇల్లు, అన్నీ బల్లమీద పెట్టి చెప్పాడు. నేను కప్పు పారేశాను. ఆ తర్వాత అన్నీ చెప్పింది, ఎత్తని ఫోన్లు, నేలమీద జరిపిన గ్లాసు, అన్నీ. ఏడవలేదు. ఏడిస్తే ఆ అమ్మాయి ఓదారుస్తుందని, ఓదార్పు తీసుకునే ముఖం తనకు లేదని ఆపుకుంది. చివర్లో ఆ అమ్మాయి అడిగింది, "ఇప్పుడు ఆయనంటే మీకు భయముందా?"

"ఉంది" అంది ఆమె. "వాడికీ ఉంది. ఇన్నాళ్ళూ వాడి భయం వాడొక్కడే మోశాడు."

తిరిగి వచ్చేసరికి వాడు మెట్ల దగ్గర ఉన్నాడు. కిందికి దిగుతుంటే ఆమె సంచీ వాడే పట్టుకున్నాడు. ఎండ తగ్గింది, కారు లోపల మాత్రం పొయ్యిలా ఉంది, అద్దాలు దించి కాసేపు అలాగే కూర్చున్నారు. ఆమె స్టీరింగు మీద చేతులు పెట్టుకుని, మీ బావకి చెప్పాలనుకుంటున్నానురా, నీకు ఇష్టమైతేనే అంది. వాడు వెంటనే, చెప్పక్కా, ఎప్పుడో చెప్పాల్సింది, పాప ఉన్న ఇంట్లో ఆయనకు తెలియకుండా ఉండకూడదు, నేనే అందామనుకుని ధైర్యం చాలలేదు అన్నాడు. ఆయన ఏమంటాడో, ఏం చేస్తాడో ఇద్దరికీ తెలియదు. ఇంటికి రమ్మని ఆమె అనలేదు. అనలేనని వాడికి తెలుసు, వాడూ అడగలేదు. బయట నీళ్ళ లారీ ఒకటి రోడ్డు తడుపుకుంటూ పోయింది, వాడు అలవాటుగా దాని వెనక కుళాయి వైపు చూశాడు.

"బావకి చెప్పాక కూడా నీకు ఫోన్ చెయ్యొచ్చా?" అని అడిగాడు.

జవాబు చెప్పడానికి ఆమెకు ఒక్క క్షణం పట్టింది. ఆ క్షణాన్ని వాడు విన్నాడు, తల కిటికీవైపు తిప్పుకున్నాడు. ఆమె చెయ్యి చాచి వాడి మణికట్టు పట్టుకుంది. చల్లగా, సన్నగా, ఎముక తగులుతూ ఉంది. వాడు కదలకుండా కూర్చున్నాడు, కదిలితే ఆ చెయ్యి తీసేస్తుందేమోనన్నట్టు.

"చెయ్యి" అంది. "నేను ఎత్తకపోతే మళ్ళీ చెయ్యి. ఎత్తేదాకా చెయ్యి."